అద్దం అవతలి నాలుగంగుళాలు

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో, మామిడితోట మధ్యలో ఒక రైతు ఇల్లుంది. ఆ ఇంటి హాల్లో బీరువాల వరస నాలుగంగుళాలు ఎక్కువ రావడానికి మా మేస్త్రి కొలత తప్పడమే కారణమని ఆరేళ్లపాటు అందరూ అనుకున్నారు. వాళ్లు అలా అనుకునేలా చేసింది నేనే. కొలత తీసిందీ నేనే.

మేస్త్రి నాకు బంధువు కాదు, అయినా బాబాయ్ అనే పిలిచేవాణ్ణి. వడ్రంగం నేర్పింది ఆయనే. కాయల ఎగుమతికి చెక్కపెట్టెలు కొట్టే రోజుల్లో ఆయన పని మొదలుపెట్టాడు. పెట్టెలు పోయి అట్టపెట్టెలు, ప్లాస్టిక్ ట్రేలు వచ్చాక ఇళ్ల పనికి మళ్లాడు. పద్దెనిమిదేళ్లు ఇద్దరం ఒకే టేపుకి చెరో చివరా నిలబడ్డాం. టేపు చూసినవాడు అంకె గట్టిగా చెప్పాలి. రెండోవాడు అదే అంకె తిరిగి చెప్పి, అప్పుడు పుస్తకంలో రాయాలి. ఇది ఆయన పెట్టిన పద్ధతి. ఖాళీ ఇళ్లలో మా ఇద్దరి గొంతులూ అలా ఒకదాని వెనక ఒకటి వినపడేవి.

తర్వాత నేను సొంతంగా షాపు పెట్టుకుని లేజర్ మీటరు కొన్నాను. అరచేతిలో ఇమిడే వస్తువు. గోడకి ఆనించి బటన్ నొక్కితే ఎర్రచుక్క అవతలి గోడ మీద పడుతుంది, బీప్‌మని అంకె వస్తుంది. సున్నం వేసిన గోడ మీద అది చెప్పిందానికి తిరుగు లేదు. ఒక్కణ్ణే ఇల్లంతా కొలిచేయగలనని నాకు గర్వంగా ఉండేది. నల్లగ్రానైటు మీద దాని అంకె నిలవదనీ, ఎండలో చుక్క కనపడదనీ, ప్లాస్టరింగ్ కాని ఇటుక గోడ మీద చుక్క సందులో పడితే కొలత మారిపోతుందనీ ఒక్కొక్కటే తర్వాత తెలిసింది. అద్దం సంగతి మాత్రం ఆ రైతు ఇంట్లోనే తెలియాల్సి వచ్చింది.

హాలుకీ భోజనాల గదికీ మధ్య అద్దం పార్టిషన్ ఉంది. దానికి అవతలివైపు కర్టెన్ వేలాడుతోంది. ఇటు గోడ నుంచి ఆ అద్దం దాకా బీరువాలు రావాలి. నేను మీటరు గోడకి ఆనించి బటన్ నొక్కాను.

"ఆగబ్బాయ్," అన్నాడు మేస్త్రి అద్దం దగ్గర నిలబడి. "చుక్క అద్దం మీద లేదు, కర్టెన్ మీద పడింది. శుభలేఖ అట్ట ఉంది జేబులో, అడ్డం పెడతా, మళ్లీ కొట్టు."

"నువ్వు అట్ట పట్టుకుని నిలబడేదానికి ఇంత పెట్టి మిషనెందుకు బాబాయ్? మిషనుకి తెలీదా ఏంటి? పదకొండడుగుల రెండంగుళాలు, రాస్కో."

ఆయన ఒక్క క్షణం నావైపు చూశాడు. "పదకొండడుగుల రెండంగుళాలు," అని తిరిగి చెప్పి రాశాడు.

టేకు బీరువాలు షాపులో చేసి, పాలిష్ పట్టి తీసుకెళ్లాం. వరసలో చివరి బీరువా పెట్టె పట్టలేదు. టేపు లాగి చూస్తే పదడుగుల పదంగుళాలే.

"ఎవరయ్యా కొలిచింది?" అన్నాడు రైతు.

నేను పుస్తకం తెరిచి చూపించాను. "రాసింది ఈయనేనండీ. పెద్దాయన కదా, చూపు ఆనట్లేదనుకుంటా."

మేస్త్రి పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, ఆ పెట్టె ఊడదీయడం మొదలుపెట్టాడు. పని పూర్తయ్యేదాకా రోజూ వచ్చాడు. ఆ తర్వాత నా షాపుకి రాలేదు.

ఆ రైతు ప్రతి వేసవిలో తొలికోత చిన్నరసాలు, ఇంటికి పనిచేసినవాళ్ల పేరున ఒక్కో బుట్ట పక్కన పెడతాడు. బుట్ట వచ్చిందంటే ఆ పనివాడు మంచివాడని ఊరంతటికీ తెలుస్తుంది. ఆ ఏడు మా ఇద్దరిలో నాకొక్కడికే బుట్ట వచ్చింది. మేస్త్రికి రాలేదని తెలిసి ఊళ్లో ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు. ఆయన మైలవరం వెళ్లి కుర్చీలు, బల్లలు బాగుచేసుకుంటున్నాడని విన్నాను. ఆ పళ్లు నేను తిన్నాను. ఆ తర్వాత వచ్చినవీ తిన్నాను.

ఈ వేసవి బుట్ట రాకముందే నేనే తోటకి వెళ్లి జరిగిందంతా రైతుకి చెప్పాను.

"ఇన్నేళ్లూ ఆ పెద్దాయన పళ్లు నువ్వు తిన్నావన్నమాట," అన్నాడాయన. గడ్డి పరిచి ఒక బుట్ట తనే సర్దాడు. "నువ్వే తీసుకెళ్లు. నీకు మాత్రం ఈ ఏడు లేదు."

మైలవరంలో మేస్త్రి వసారాలో బడిబల్లకి కాలు బిగిస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. పెన్సిలు మాత్రం చెవి వెనకే ఉంది. బుట్ట చూసి ఒక కాయ తీసి తొడిమ దగ్గర వాసన చూశాడు.

"నువ్వు కొన్నావా, ఆయన పంపాడా?"

"ఆయనే బాబాయ్. మొత్తం చెప్పేశాను."

"మొత్తమంటే? అట్ట సంగతి కూడానా?"

"అది కూడా."

ఆయన తల ఊపి, కాయల్ని లోపలికి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లని పిలిచాడు. నాకో కాయ పిసికి ఇచ్చాడు. నోటికి తీసుకోలేకపోయాను.

"మళ్లీ రా బాబాయ్. అద్దాలున్న ఇళ్లే ఎక్కువయ్యాయి. అట్ట పట్టుకునే మనిషి కావాలి."

ఆయన నవ్వాడు. అందులో కోపం లేదు. "దానికి మనిషెందుకబ్బాయ్? అట్టకి గమ్ము టేపేసి అద్దానికి అంటించుకో. నిలబడుద్ది."

అలాగే చేస్తున్నాను. నిన్న ఒక కొత్త ఇంట్లో అద్దానికి తెల్ల అట్ట అంటించి, ఇవతల గోడకి మీటరు ఆనించి బటన్ నొక్కాను. చుక్క అట్ట మధ్యలో కదలకుండా నిలిచింది. తొమ్మిదడుగుల ఏడంగుళాలు. అలవాటు కొద్దీ గట్టిగానే చెప్పాను. చెప్పి, పుస్తకంలో రాయకుండా కాసేపు ఆగాను.