సుద్ద క్యాబేజీల కాపలాదారు

మా వాకిట్లో నాలుగు కాపురాలున్నా, నోరు లేనివాడు తోంగ్ బావొలీ ఒక్కడే. నలభై ఏళ్లు ఊరుమ్మడి స్నానశాలలో బొగ్గు పొయ్యి ఎగదోసి అందరి ఒంటిమీది మట్టి వదిలించాడు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "ఎవరైనా అడిగితేగా అక్కా!" అంటాడు.

అతనికున్న పట్టుదల ఒక్కటే. చలికాలం మొదట్లో లారీ దగ్గర నిలబడి యాభై క్యాబేజీలు తనే ఏరి తెచ్చుకుంటాడు. ఎండబెట్టి, గోడవారన పేర్చి, పాత బొంత కప్పుతాడు. వసంతం దాకా అతని కూరా అదే, పులుసూ అదే. గదిలో పెడితే పొయ్యి వేడికి కుళ్లిపోతాయి గనక అవి బయటే ఉండాలి.

బీజింగ్‌లో ఢంకా బురుజు వెనక ఉన్న మా సందు చరిత్రలోకెక్కిందని నిరుడు బోర్డు పెట్టేదాకా మాకు తెలియదు. అంతకుముందు దీన్ని మురికి సందు అన్నవాళ్లే ఆ బోర్డు పెట్టారు. ఇప్పుడు రోజూ జెండా పట్టుకుని ఒక గైడు, వెనక యాభై మంది. గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తుంటే నాకు ఫోటో తీసి, "ఎంత సహజంగా ఉందో!" అంది ఒకావిడ. మరెలా ఉండమంటుంది?

మొన్న చలికాలంలో వార్డు ఆఫీసు పిల్ల కువాంగ్ వచ్చింది.

"తాతగారూ, ఈ క్యాబేజీలు శనివారం సాయంత్రానికల్లా తీసెయ్యాలి. ఆదివారం పై ఆఫీసు పెద్దవాళ్లు వస్తున్నారు. సందు పాత అందం చెడిపోతోంది."

"మా నాన్న కూడా ఈ గోడకే పేర్చేవాడమ్మా."

"ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా?"

"అందులో నాలుగు పడతాయి. మిగతా నలభై ఆరింటికి మీ ఆఫీసులో కుర్చీలు వేస్తావా?" అన్నాను నేను. ఆ పిల్ల నావైపు, ఇదెక్కడి చరిత్ర లేని మనిషి అన్నట్టు చూసింది.

"మిగిలినవి చెత్తబండి ఎక్కుతాయి" అని వెళ్లిపోయింది.

గురువారం తోపుడుబండి వచ్చింది. సుద్దతో పోతపోసి ఆకుపచ్చ రంగేసిన యాభై క్యాబేజీలు దించి, వాకిలి పక్కన పేర్చారు. కావాలని అతుకులు వేయించిన కొత్త బొంత కప్పారు. బోర్డు తగిలించారు: "పాత బీజింగ్ చలికాలపు జ్ఞాపకం. తాకరాదు."

తోంగ్ గొంతు పెంచడం నేను అప్పుడే విన్నాను. "నావి చెత్తబండికీ, వీటికి బొంతా, అక్కా?"

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సందు కాపలావాడు తన ఎర్ర చేతిపట్టీ కళ్లమీద వేసుకుని గుర్రుపెట్టాడు. నేను చీపురు పట్టుకుని సందు మొగలో ఊడ్చిందే ఊడ్చాను. ఈలోగా తోంగ్ తన యాభైనీ కొత్త బొంత కిందికి చేర్చి, సుద్దవి తన మంచం కిందికి తోశాడు.

ఆదివారం వచ్చిన పెద్దల్లో ఒకాయన బొంత ఎత్తి, ఆకు గిల్లి, నోట్లో వేసుకున్నాడు. "అరె, నిజమైనవే!"

కువాంగ్ మొహం సుద్దలా పాలిపోయింది. అయినా ఆఫీసులో పెరిగిన పిల్ల కదా, వెంటనే తేరుకుంది. "అవునండీ, మా ఆఫీసు నకిలీని ఒప్పుకోదు." అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రమే తోంగ్ కత్తి నూరుకుని ఒక క్యాబేజీ కోసం వెళ్తే కువాంగ్ అడ్డమొచ్చింది.

"తాతగారూ, తాకకూడదు! అవి ఇప్పుడు ప్రదర్శన వస్తువులు."

"నేను కొన్నవమ్మా!"

"పెద్దలు చూసి మెచ్చుకున్నారు, ఇక అవి ఆఫీసువి. కావాలంటే మిమ్మల్నే కాపలాకి వేస్తాం. జీతం ఉండదు. చేతికి ఎర్రపట్టీ ఇస్తాం."

సుద్దవి ఏమయ్యాయని మాత్రం ఆమె అడగలేదు. అడిగితే తన మాట తనే కాదనాలి.

నేనైతే ఆ పట్టీ ఆమె మొహానే కొట్టేదాన్ని. తోంగ్ రెండు చేతులా అందుకుని, వంగి దణ్ణం కూడా పెట్టాడు. మతి పోయిందనుకున్నాను. మూడోరోజు తెల్లవారాక అతను నాకు గిన్నెడు పులుసు తెచ్చిచ్చాక అర్థమైంది. చేతికి పట్టీ ఉన్నవాణ్ణి బొంత ఎందుకెత్తావని ఎవరూ అడగరు. రెండురోజులకొకసారి వెనక వరసలోంచి ఒకటి తీసేవాడు, మంచం కిందిది ఒకటి ఆ చోట పెట్టేవాడు.

మంచు కరిగాక, పోయిన వారం, కువాంగ్ మళ్లీ జనాన్ని తెచ్చి బొంత ఎత్తింది. "చూశారా! మూడు నెలలైనా ఒక్క ఆకు వాడలేదు. సంరక్షణంటే ఇదీ!"

తోంగ్ పట్టీ సర్దుకుని గంభీరంగా తల ఊపాడు.

"వచ్చే చలికాలానికి ఆఫీసు తరఫున వంద తెప్పిస్తాం, తాతగారూ. చూసుకోగలరా?"

"వందంటే నా ఒక్కడివల్ల కాదమ్మా. మా అక్కకీ ఒక పట్టీ ఇప్పించు."