నింజా ఆఖరి మాటకు ఏడు ప్రతులు

2009 జూన్‌లో నన్ను సీనియర్ అనువాదకురాలిగా రాయ్‌పూర్ రైల్వే కార్యాలయంలోని రాజభాషా విభాగానికి బదిలీ చేశారు. ఇంగ్లీషు సర్క్యులర్లను హిందీలోకి మార్చడం మా పని. ముందు చిత్తుప్రతి, తర్వాత పై అధికారి పరిశీలన, దాన్ని మేము వెట్టింగ్ అంటాం, ఆపైన శుద్ధప్రతి. ఈ మూడూ కాని కాగితం గది గడప దాటకూడదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక భద్రతా సర్క్యులర్‌లో తప్పు మాట రాసి మెమో అందుకున్నాను. అప్పటినుంచి కిరాణా చీటీ రాసినా మూడుసార్లు దిద్దేదాన్ని.

అప్పారావు సిగ్నల్ టెక్నీషియన్. శ్రీకాకుళం వాళ్ల కుటుంబం. ఇల్లు రాయ్‌పూర్‌లోనే గుఢియారీలో, డ్యూటీ దగ్గర్లోని తిల్దా స్టేషన్లో. తెలుగుదాన్నని తెలిసి అక్కా అని పిలవడం మొదలుపెట్టాడు. ఒకరోజు మా సెక్షన్‌కి వచ్చి వింత కోరిక కోరాడు. కుర్రతనంలో క్యాసెట్ పెట్టి టీవీలో ఆడిన ఒక జపాన్ నింజా ఆటను తెలుగులోకి మార్చాలట.

"ఇరవై ఏళ్లుగా నరుకుతానే ఉన్నానక్కా. ఎందుకు నరుకుతున్నానో తెలీదు. ఆఖర్న గురువు సచ్చిపోతా ఏదో సెప్తాడు. అదేటో తెలుగులో సదవాల. కహానీ నోటితో మాత్రం సెప్పీకు" అన్నాడు.

ఎక్కడో ఉన్న అభిమానులు ఆ ఆటను ఇంగ్లీషులోకి మార్చి ప్యాచ్ విడుదల చేశారు. ప్యాచ్ అంటే ఆట కాదు, ఆటలో ఏ మాట ఎక్కడ మారాలో చెప్పే చిన్న ఫైలు. అప్పారావుకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ ఇంగ్లీషు చూసి నేను తెలుగు రాయాలి, అతను దాన్ని ఇంట్లో కంప్యూటర్ మీద ఆటలోకి ఎక్కించాలి. తెరమీద మాటల పెట్టెలో మూడు వరుసలు, వరుసకు పద్నాలుగు గళ్లు, గడికో అక్షరం. తెలుగు అక్షరాలన్నీ చుక్కచుక్కగా తనే గీశాడు. 'స్త్ర' ఒక్కదానికే ఒక ఆదివారం పట్టింది.

తొందరకు కారణం వేరే ఉంది. సుగర్ వల్ల అతని ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి లేజర్ చేసి, ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఈ సంగతి మొదటి రోజే నాతో చెప్పాడు. తెలియక జరిగిందని చెప్పుకునే వీలు నాకు లేదు.

మామూలు సంభాషణలు రెండు నెలల్లో పూర్తయ్యాయి. మిగిలింది ఆఖరి సన్నివేశం, మూడు వరుసలు. చిత్తు ఒక్క పూటలో రాశాను. ఇవ్వలేదు. చనిపోయే గురువు నోట అంత తేలిక మాటలా అని అనుమానం. వెట్టింగ్‌కి ఎవరూ లేరు కనుక ఆ పనీ నేనే పెట్టుకున్నాను. కంటికి కొత్తగా కనబడాలని వారాల తరబడి పక్కన పెట్టి, మళ్లీ తీసి దిద్దాను. అలా నాలుగు నెలలు.

అప్పారావు తిల్దా లోకల్ రైలు దిగి నేరుగా మా సెక్షన్‌కే వచ్చేవాడు. "అవనేదేటక్కా? బస్, మూడు లైన్లే కదా. కామ్ చలావూ, పని నడిసేలాగ రాసిచ్చీ, తర్వాత దిద్దుకుందుం" అనేవాడు. చిత్తుప్రతి బయటికి ఇచ్చే పద్ధతి లేదని కసిరాను, అదేదో రైల్వే బోర్డు కాగితమైనట్టు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఏడో ప్రతిని శుద్ధంగా టైపు చేసి, అలవాటు కొద్దీ కింద సంతకం పెట్టి, ఒక ఆదివారం గుఢియారీ వెళ్లాను. అతని భార్య తలుపు తీసింది. "గురువారం నుంచి ఆయనకేటీ కనబడ్డం లేదు వదినా" అంది. కంటి లోపల రక్తం చిమ్మిందట. కంప్యూటర్ మీద తుండుగుడ్డ కప్పి ఉంది. అప్పారావు మంచం మీద కూర్చుని, తెచ్చావా అని అడిగాడు. చదవమన్నాడు. నోటితో చెప్పొద్దన్న మనిషే.

చదివాను. "ఇంక శత్రువులు లేరు. కత్తి ఇక్కడ పెట్టు. ఇంటికి వెళ్లు."

గళ్లల్లో పట్టిందా అని అడిగాడు. పట్టిందన్నాను. "అయితే సరే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చూపు తిరిగి రాలేదు. సిగ్నల్ పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చింది. ప్యాచ్ అలాగే ఆగిపోయింది, చివరి పెట్టెలో మూడు ఖాళీ వరుసలతో. నా మాటలను వాటిలోకి ఎక్కించే పని నేర్చుకుంటానని ఒకసారి అన్నాను. ఎవరి కోసమని అడిగాడు.

రిటైరయ్యే ముందు బీరువా ఖాళీ చేస్తుంటే ఏడు ప్రతులూ దొరికాయి. మొదటి చిత్తును ఏడోదాని పక్కన పెట్టి చూశాను. తేడా ఒక్క మాట. చిత్తులో 'ఇంటికి పో' అని ఉంది.

ఆ పని నాకు నేర్పింది ఇది. దిద్దుబాటుకు గడువు పెట్టాలి, ఆ గడువును చదవబోయే మనిషిని చూసి పెట్టాలి. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ నియమావళిలోనూ ఆ మనిషి ప్రస్తావన లేదు. అప్పారావు మాత్రం నాలుగు నెలలు నా బల్ల ముందే నిలబడ్డాడు.