పన్నెండు ఫ్రెట్‌ల అవతల

గిటార్ మీద చిన్న గంటలు మోగినట్టు వినిపించే పద్ధతి ఒకటుంది. ఎడమ చేత్తో తీగలు నొక్కి కార్డ్ పట్టుకోవాలి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్‌లు. పట్టుకున్న చోటికి పన్నెండు ఫ్రెట్‌లు అవతల, సరిగ్గా ఆ లోహపు కడ్డీ మీద, కుడి చూపుడు వేలితో తీగను తట్టి వెంటనే వేలు తీసేయాలి. కొంచెం ఆలస్యమైనా తీగ మూగబోతుంది. ఎడమ చెయ్యి ఏ ఆకారంలో ఉంటే కుడి వేలు అదే ఆకారంలో తిరగాలి. ఇది నేర్చుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టిందని అనుకున్నాను. నిజానికి మూడు నెలలే పట్టింది.

నేర్పింది మా మేనమామ. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆపరేటర్. చిన్నప్పుడు కోదాడలో మా చర్చిలో ఆయన గిటార్ వింటూ పెరిగాను. పెద్దయ్యాక సూర్యాపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతూ, ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్లేదాన్ని. ఆయన నోటి నుంచి బాగుందన్న మాట ఒక్కసారి వినాలని నా పంతం.

ఆ మాట రాలేదు. ఎన్నిసార్లు వాయించినా మోగలేదనే అనేవాడు. వేలు బరువుగా పడుతోందనో, ఆలస్యంగా లేస్తోందనో ఏదో ఒక వంక. తీగలు పాతబడ్డాయని కొత్తవి వేశాడు. నెల తిరక్కముందే మళ్లీ మార్చాడు. నా వేలికొన వాచి చాక్‌పీస్ పట్టుకోవడం కూడా కష్టమైంది. నాకసలే ముక్కు మీద కోపం.

ఒక ఆదివారం అత్త వంటింట్లోంచి తొంగి చూసి, ఐదు నెలలుగా మంచిగానే మోగుతోందని అంది. మామ ఆమెను కసురుకున్నాడు. మళ్లీ వాయించాను. నా చెవులకూ స్పష్టంగా మోగింది. ఆయన మాత్రం లేదన్నట్టు తల ఊపాడు. అక్కడితో నా ఓపిక అయిపోయింది.

"నాకు రావద్దనే నీకున్నది మామా," అన్నాను గట్టిగా. "ఓర్వలేక అంటున్నవ్."

తిట్టినా బాగుండేది. ఆయన గిటార్ అందుకుని తనే వాయించాడు. అంత శుభ్రంగా మోగడం నేనెప్పుడూ వినలేదు. ఆయన మాత్రం చెక్కకు చెవి ఆనించి మళ్లీ తట్టాడు. ఇంకోసారి తట్టాడు.

"నాది గూడ మోగుతలేదు బిడ్డా. ఇగ వేరే తీగలు తేవాలె."

అత్త పొయ్యి ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖం చూడగానే నాకు సంగతి అర్థమైంది. ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. రెండేళ్లుగా టీవీ శబ్దం పెంచుతూ, అడిగింది ఒకటైతే ఆయన చెప్పేది ఇంకొకటైనా సర్దుకుపోతూ వచ్చింది.

సూర్యాపేటలో చెవుల డాక్టరుకు చూపించాను. ఏళ్ల తరబడి మిల్లు మోతలో ఉండటం వల్ల వచ్చిందని, సన్నటి శబ్దాలు ముందుగా పోతాయని, పోయినవి తిరిగి రావని చెప్పాడు. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు కొంత తేటపడతాయట. మిల్లు పని మానేయమన్నాడు. ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారని మామ అడిగితే తలెత్తకుండా చీటీ రాస్తూ ఉండిపోయాడు. నాకు ఒళ్లు మండింది. అందరికన్నా నా మీదే ఎక్కువ మండింది.

తర్వాతి ఆదివారం మామ గిటార్ ఒళ్లో పెట్టుకుని, ఇక తనకు నా చెవులే దిక్కన్నాడు. మోగితే మోగిందని, లేకపోతే లేదని చెప్పమన్నాడు. జీ కార్డ్ పట్టి ఆరు తీగలూ ఒక్కొక్కటే తట్టాడు. ఐదు మోగాయి. మూడో తీగ దగ్గర వేలు కడ్డీకి ఇవతల పడి టక్కుమని చప్పుడు మాత్రం వచ్చింది. ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను ఆ చూపును తట్టుకోలేకపోయాను.

"అన్నీ మోగినయ్ మామా," అన్నాను.

ఆయన మూడో తీగ మీద వేలు పెట్టి చూపించాడు.

"మూడోది కావాలనే తప్పు కొట్టిన. నువ్వు గూడ మీ అత్త లెక్కనే చేస్తే, ఇగ నేనెవర్ని అడగాలె?"

లేచి అటు తిరిగి, గిటార్‌ను కవర్లో పెట్టి జిప్పు లాగాడు. తప్పైందని మెల్లగా అన్నాను. ఆయనకు అది వినిపించలేదు.