ఒళ్లో బియ్యం, తలలో కరెంటు

పోయిన వేసవిలో కోరుట్లలో మా అమ్మగారింట్లో నాకు ఒడిబియ్యం పోశారు. నేను సిరిసిల్ల కోడలిని. డిప్రెషన్‌కు గోలీలు వాడుతున్న సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పుట్టింటికి వెళ్తే అమ్మ నా సంచి విప్పి బట్టలన్నీ తనే సర్దుతుంది. అందుకే గోలీలు సిరిసిల్లలోనే వదిలేశాను. కొద్ది రోజులకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఒడిబియ్యం రోజు పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం కొంగులో పోస్తున్నారు. గింజ కింద పడకూడదని రెండు చేతులా కొంగు పట్టుకున్నాను. ఉన్నట్టుండి తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. ఒళ్లంతా చెమట. గోడలు తిరుగుతున్నాయి. చుట్టూ ఆడవాళ్లు. లేవలేను, చేతులు వదల్లేను.

"నీళ్లు పోసుకున్నట్టుంది పిల్ల!" అని మా వదిన నవ్వింది. అమ్మ మొహం వెలిగిపోయింది. తలలో మళ్లీ జివ్వుమనేసరికి ఏడ్చేశాను.

"కడుపు కాదమ్మా. మనసు బాగలేక గోలీలు మింగుతున్న. గీడికొచ్చేటప్పుడు బంద్ చేసిన."

అమ్మ నా ఎదుట కూర్చుని, కొంగు తన చేతుల్లోకి తీసుకుంది.

"బియ్యం నేను పట్టుకుంట బిడ్డా. నువ్వు డాక్టర్‌కు ఫోన్ చెయ్యి."

"సొంతంగా ఒక్కసారే ఆపేస్తే ఇట్లనే అయితదమ్మా. ఇయ్యాల్నే మళ్లీ మొదలుపెట్టు. ఆపాల్సి వస్తే మెల్లమెల్లగా నేనే తగ్గిస్త" అన్నారు ఫోన్‌లో డాక్టర్. సాయంత్రానికల్లా మా ఆయన సిరిసిల్ల నుంచి గోలీలు పట్టుకొచ్చాడు.

ఇప్పటికీ అమ్మ నా సంచి విప్పుతుంది. బట్టల కంటే ముందు గోలీలే వెతుకుతుంది.

— ఒక పాఠకురాలు, సిరిసిల్ల