ఫైర్‌మన్ సింహాచలం ఎండ్‌నోట్

నా రిటైర్మెంటుకు ముందు చివరి వానాకాలంలో నన్ను బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో ప్రచురణల సెక్షన్‌కు మార్చారు. హోదా ఆఫీస్ సూపరింటెండెంట్. పని, రైలింజన్లు నిలిపే పాత లోకో షెడ్ చరిత్రకు పుస్తకంగా పేజీలు కట్టడం. కిటికీ అవతల రోజంతా సన్నటి జల్లు, యార్డులో ఎక్కడో షంటింగ్ కూత. ఆ గదిలో మధ్యాహ్నం ఎప్పుడు సాయంత్రమయ్యేదో తెలిసేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ నెలలు నేను పని చేశానా, కునుకు తీశానా అనిపిస్తుంది.

మా పద్ధతి మామూలు టైపింగ్ కాదు. పాఠం మధ్యలోనే ఆదేశాలు రాస్తాం, కంప్యూటర్ వాటిని చదువుకుని పేజీలు తయారు చేస్తుంది. ఎండ్‌నోట్ అంటే పుస్తకం చివర వచ్చే వివరణ. దాన్ని సంబంధించిన వాక్యం పక్కనే ఆదేశంలో రాసేస్తే, యంత్రం పట్టుకెళ్లి చివర పెట్టి, వచ్చిన వరుసలో తనే నెంబరు వేస్తుంది. మధ్యలో కొత్తది చేరిస్తే, పెట్టె జోడించడానికి బండి వెనక్కి కదిలినట్టు, తర్వాతివన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. ఆ జరగడాన్ని చూస్తూ కూర్చోవడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

అధికారుల పేర్లు పాఠంలో, పనివాళ్ల పేర్లు ఎండ్‌నోట్లలో అని మా పెద్ద అధికారి నిర్ణయం. రైల్వేలో ఎవరి క్లాసు వారిదే కదా, పుస్తకంలోనూ అంతే. అలా ఎండ్‌నోట్లలోకి వచ్చినవాడే మా పక్క క్వార్టర్ సింహాచలం బాబాయి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో, షెడ్‌లోకి వాన నీళ్లు చేరినప్పుడు, ఇంజన్‌లో బొగ్గు వేస్తూ నిప్పు ఆరకుండా కాపాడిన ఫైర్‌మన్. ఆయన పోయాక భార్య పైడమ్మ పిన్ని లింగియాడీహ్ బస్తీలో ఉంటోంది. నిప్పు కాపాడిన సంగతి నాకు చెప్పింది ఆవిడే. "ఆ మనిసి పేరు అచ్చులో పడతాదేటి బాబూ?" అని అడిగింది. పడుతుందని మాటిచ్చాను.

చివరి ప్రూఫులో అధికారి పాఠంలోంచి ఆ వాన నీళ్ల వాక్యం కొట్టేశారు. షెడ్‌లోకి నీళ్లు రావడం కూడా చెప్పుకునే గొప్పేనా అన్నారు. వాక్యంతో పాటు దానికి అంటుకున్న బాబాయి నోటూ పోయింది. ఖాళీ కూడా మిగల్లేదు. తర్వాతి నెంబర్లు ముందుకు జరిగి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి. అప్పటికే అధ్యాయాలన్నిటికీ సంతకాలయిపోయాయి, ఇక వాటిలో అక్షరం ముట్టుకోకూడదు.

సంతకం కానిది ఒక్క ముందుమాటే. అది అధికారి స్వయంగా రాసుకున్నది, అందుకే ఆలస్యం. అందులో 'ఈ షెడ్‌లో నిప్పు ఏనాడూ చల్లారలేదు' అని ఒక వాక్యం ఉంది. దానికి చిన్న వివరణ తగిలించనా అని అడిగాను. అచ్ఛా, పెట్టుకోండి, చివరి పేజీలు ఎవరు చూస్తారు అన్నారు.

బాబాయి నోటు అక్కడ చేర్చి పేజీలు మళ్లీ తీశాను. ముందుమాట పుస్తకానికి మొదట్లో ఉంటుంది కనుక సింహాచలం బాబాయిది ఒకటో నెంబరయింది. డ్రైవర్లూ ఫోర్‌మన్లూ అందరూ ఒక్కో అంకె వెనక్కి జరిగి ఆయనకు చోటిచ్చారు.

అధికారి ఊరుకోలేదు. ఫోర్‌మన్లకు ముందు ఫైర్‌మనేమిటి, చివరికి నెట్టమన్నారు. నెంబరు వేసేది యంత్రమనీ, ఆ నోటు మొదట రాకూడదంటే ముందుమాటలోంచి ఆ వాక్యమే తీసెయ్యాలనీ చెప్పాను. ఆయన తన వాక్యాన్ని మరోసారి చదువుకున్నారు. సంతకం పెట్టారు.

అచ్చయిన పుస్తకం పట్టుకుని లింగియాడీహ్ వెళ్లాను. పిన్నికి చదువు రాదు. ఆవిడ వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టి, ఒకటో నెంబరని చెప్పాను. ఈయనకి ముందు ఎవరూ లేరా అని అడిగింది. లేరన్నాను.

"డూటీకీ అలాగే ఎల్లీవోడు బాబూ, అందరికన్నా ముందు," అంది. చాలాసేపు వేలు తియ్యలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇది. నెంబర్ల సంగతి యంత్రం చూసుకుంటుంది. నోటు నిలవాలంటే మాత్రం దాన్ని ఎవరూ కొట్టెయ్యని వాక్యానికి తగిలించాలి. అలాంటి వాక్యం సాధారణంగా పై అధికారి సొంతంగా రాసుకున్నదై ఉంటుంది.