బూట్ల పెట్టె తాళం

మా ఆయనకి నూనె మిల్లు ఉండేది, మెట్ట పొలం ఉండేది, వీటన్నిటినీ మించి ఓ ఫుట్‌బాల్ టీము ఉండేది. యాభైల చివర్లో జగ్గయ్యపేటలో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు. మిల్లు సంగతి తెలిసే నన్నిచ్చారు మావాళ్ళు. టీము సంగతి మాత్రం పెళ్ళయ్యాక మొదలైంది. నాకు చీర తెస్తానని బెజవాడ వెళ్ళిన మనిషి అక్కడెవరో ఆడుతుంటే చూసి, తోలు బంతి చంకలో పెట్టుకుని బస్సు దిగారు. చీరేదండీ అంటే, "మళ్ళీ వెళ్తాగా" అన్నారు.

కుర్రాళ్ళని ఆయన ఎంచే తీరు చూసి తీరాల్సిందే. సంతలో కోడెల్ని బేరం చేసినట్టు పిక్కలు నొక్కి చూసేవారు, అటూ ఇటూ నడిపించి చూసేవారు. దాపట కట్టడం అలవాటైన ఎద్దు వలపట లాగదట, అందుకని ఎడమ పక్క ఆడినవాడు చచ్చినా కుడి పక్కకి రాకూడదట! మ్యాచికి ముందురోజు అందరికీ నువ్వుల చిమ్మిలి. దంచేదెవరనుకున్నారు? నేనే. "మీ కోడెలకి తెలగపిండి ఒక్కటే తక్కువ, అదీ నానబెట్టనా?" అనేదాన్ని. నవ్వేసేవారు. నేనంతంత మాటలంటే కోపం తెచ్చుకోకపోవడమే నాకు ఒళ్ళుమంట.

బూట్లు మాత్రం టీములో అందరికీ సరిపడా లేవు. ఉన్నవి ఓ చెక్కపెట్టెలో పెట్టి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవారు. ఆట రోజున పెట్టె తీసి ఎవరెవరు ఆడాలో, ఎవరెక్కడ నిలబడాలో, ఎవరికి బూట్లో అంతా ఆయనే చెప్పేవారు. మిగిలినవాళ్ళు ఉత్తికాళ్ళతోనే ఆడేవాళ్ళు.

హైస్కూలు డ్రిల్లు మాస్టారిని బతిమాలి మరీ తెచ్చారు, కుర్రాళ్ళకి ఆట నేర్పమని. తెచ్చి ఊరుకున్నారా? ఆయనో పక్క చెబుతుంటే ఈయన గొడుగేసుకుని గీత పక్కన నిలబడి ఇంకోటి అరిచేవారు. ఓ రోజు మా ఊళ్ళోనే మ్యాచి. గెలిచేట్టే ఉన్నారు. ఈయన ఉండబట్టలేక "ఒరే గోలీ, ముందుకి రారా!" అని కేకేశారు. గోల్ దగ్గర నిలబడ్డ కుర్రాడు పాపం, ఓనరు పిలిచాడు కదాని గీత దాకా వచ్చి "ఏంటండీ?" అన్నాడు. ఈలోపు వాడి వెనకనించి బంతి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చి ఈల తీసి అరుగు మీద పెట్టారు. "మిల్లు మీది, బంతి మీది, బూట్లు మీవి. కాదనను. కానీ గోలీ ఎవరి మాట వినాలో మీరే తేల్చి చెప్పండి. తేలిన రోజున కబురు పెట్టండి, వస్తా" అని వెళ్ళిపోయారు.

అన్నం దగ్గర నేనందుకున్నా. "మీరు మిల్లు పెట్టారు, సరే. ఇంజను డ్రైవర్ని లేపి మీరు కూర్చుంటారా? నేను పప్పు వండుతుంటే మీరొచ్చి ఉప్పేస్తారా? ఆ పెట్టె తాళం మాస్టారికిచ్చేసి, మీరు ఎంచక్కా కుర్చీలో కూర్చుని చూడండి."

"ఓడిపోతే జనం మాస్టార్ని అనరే, నన్నంటారు," అన్నారాయన. "ఏ కుర్రాడికి ఇంట్లో తిండి లేదో, ఎవడి మోకాలు పోయిందో నాకు తెలిసినట్టు ఆయనకేం తెలుసు?"

అందులో అబద్ధం లేదు. కాలు విరిగిన కుర్రాడిని లారీలో వేసుకుని కట్టు కట్టించడానికి తీసుకెళ్ళింది ఆయనే. అయినా నేను వదల్లేదు. నేను పట్టుకుంటే ఓ పట్టాన వదిలే రకం కాదు, మా అత్తగారినడిగితే ఇంకా బాగా చెప్పేది. వారం తిరక్కముందే ఆయన మొలతాడు నించి తాళంచెవి విప్పి మాస్టారి చేతిలో పెట్టొచ్చారు. ఆ పూట భోజనం సరిగ్గా చెయ్యలేదు. నేను మాత్రం గెలిచానని గారెలు వండా.

ఇక్కడ మా తమ్ముడి సంగతి చెప్పాలి. నా పుట్టిల్లు నందిగామ. నాన్న పోయాక అమ్మకి మిగిలిన ఆశంతా వాడే. వాడేమో చదువు అబ్బక మా దగ్గరికొచ్చి మిల్లులో తిరుగుతూ, టీములో ముందువరసలో ఎడమ పక్క ఆడేవాడు. బావ ఓనరు కాబట్టి వాడి చోటు వాడిదే, వాడి బూట్లు వాడివే, పెట్టెలో పెట్టేవాళ్ళు కాదు. అంతలో నందిగామ వాళ్ళతో మ్యాచి కుదిరింది. గవర్నమెంటు డిపార్టుమెంటు టీముకి ఆటగాళ్ళని ఎంచే ఆఫీసరొకాయన దాన్ని చూడ్డానికొస్తున్నాడని తెలిసింది. ఆయన కంటపడితే ఉద్యోగం ఖాయం. అమ్మ దేవుళ్ళందరికీ మొక్కేసింది. నేనూ మొక్కా.

మ్యాచి రోజు టీమంతా లారీలో నందిగామ వచ్చి మా పుట్టింట్లోనే భోంచేశారు. తిన్నాక మాస్టారు దొడ్లో పందిరి కింద పెట్టె తెరిచి ఒక్కొక్కడినీ పిలుస్తున్నారు. మావాడు పొద్దున్నించీ బూట్లు వేసుకునే కూర్చున్నాడు. అందర్నీ పిలిచారు, వాడిని పిలవలేదు. వాడి చోట్లోకి మా మిల్లులో బస్తాలు మోసే సాయిబుల కుర్రాడిని పిలిచారు. ఎవరికో కాలు బాగాలేకపోతే తప్ప ఆడని కుర్రాడు.

"బాబూ, నువ్వు మంచి ఆటగాడివే," అన్నారు మాస్టారు మా తమ్ముడితో. "కానీ ఈ ఊరివాళ్ళు నీతో కలిసి ఆడి పెరిగినవాళ్ళు. నువ్వెటు తిరుగుతావో, ఎప్పుడు కొడతావో వాళ్ళకి కొట్టినపిండి. ఇవాళ్టికి నువ్వొద్దు." బూట్లు విప్పమని మాత్రం అడగలేదు, ఆ మంచితనం ఉంది ఆయనకి. ఆ రోజుల్లో ఆట మధ్యలో మనిషిని మార్చడం లేదు. దిగినవాళ్ళే చివరిదాకా.

మా ఆయన్ని వంటింట్లోకి పిలిచి తలుపేసా.

"ఏవండీ, మీరు ఓనరు. ఒక్క మాట చెప్పండి."

"తాళం ఇచ్చేశాగా. ఇవ్వమన్నది నువ్వేగా."

"అప్పుడన్నది వేరేవాళ్ళ సంగతి! ఇది నా తమ్ముడి బతుకు!"

ఆయన కళ్ళనిండా నీళ్ళు. మామూలుగా నాతో వాదించే గొంతు కాదది. "ఆ కుర్రాడికీ ఓ అక్క ఉందే. మన మిల్లులో వేరుశెనక్కాయలు చెరుగుతుందే, ఆ పిల్ల. నీ తమ్ముడి కోసం ఇన్నాళ్ళూ వాడిని పక్కన కూర్చోబెట్టా. ఆ పిల్ల రోజూ నా ఎదురుగానే పని చేసుకుంటుంది. ఒక్కనాడు, ఒక్క మాట అడగలేదు."

తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. నేను ఏడుస్తూ, తిట్టుకుంటూ డాబా ఎక్కా. మా డాబా మీంచి హైస్కూలు గ్రౌండంతా కనపడుతుంది. అమ్మకి కళ్ళల్లో పువ్వులేసి ఆటగాళ్ళు మసకమసగ్గా తెలిసేవాళ్ళు. "ఆ పరిగెత్తేది మనవాడేనా?" అని అడుగుతూనే ఉంది. గీత పక్కన మా ఆయన గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఓ పక్క మాస్టారు, ఇంకో పక్క మా తమ్ముడు. మా ఆయన నోరు తెరిస్తే ఒట్టు. ఎడం చెయ్యి మా తమ్ముడి మోకాలి మీద వేసి ఉంచారు, ఆట అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

చివర్లో ఆ కుర్రాడే, ఉత్తికాళ్ళతోనే, నందిగామ వాళ్ళని ఇద్దర్ని దాటుకుని బంతిని లోపలికి కొట్టాడు. "మనవాడేనా కొట్టింది?" అంది అమ్మ చప్పట్లు కొడుతూ. ఆట అయ్యాక ఆఫీసరు ఆ కుర్రాడినే పిలిచి భుజం తట్టి మాట్లాడాడు. మేం గెలిచాం. మా ఆయన టీములో అందరికన్నా బాగా ఆడినవాడు వెళ్ళిపోతున్నాడు, మా తమ్ముడు మిగిలిపోతున్నాడు.

జగ్గయ్యపేట తిరిగొచ్చాక నేను ఆయనతో మాట్లాడ్డం మానేసా. కంచంలో అన్నం పెట్టి వెళ్ళిపోయేదాన్ని. ఆయన సగం తిని చెయ్యి కడుక్కునేవారు. తమ్ముడు గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉండేవాడు, బూట్లు మంచం కిందే.

రెండోరోజు పొద్దెక్కాక దొడ్డి గుమ్మం దగ్గర ఆ పిల్ల, ఆ కుర్రాడి అక్క, నిలబడి ఉంది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. "మలీదా చేసానమ్మా, రొట్టెలు నలిపి బెల్లం వేసి. అయ్యగారికివ్వండి. మా తమ్ముడు ఎల్లుండి ఉద్యోగానికి వెళ్తున్నాడు." అని, ఇంకా కదలకుండా నిలబడింది. "అది చిన్నయ్యగారికి అనుకున్న ఉద్యోగమంటగమ్మా. మాకు తెలీదు. తెలిసాక మావాడు రాత్రి అన్నం తినలేదు."

నాలో ఉన్న కోపమంతా ఆ పిల్ల మీద పొయ్యడానికే దాచుకున్నానేమో, తీరా చూస్తే నోట్లోంచి ఒక్క మాట రాలేదు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

మంచం కిర్రుమంది. తమ్ముడు లేచొచ్చి, ఆ గిన్నె మీద గుడ్డ తీసి, ఓ ముద్ద నోట్లో వేసుకున్నాడు. నములుతూనే వెనక్కి వెళ్ళి మంచం కిందనించి బూట్లు తెచ్చాడు. "మీవాడి కాళ్ళకి సరిపోతాయి. అక్కడికి ఉత్తికాళ్ళతో ఏం వెళ్తాడు," అని, అరుగు మీద కూర్చున్న మా ఆయన వైపు తిరిగాడు. "ఇవ్వనా బావా?"

ఆయన నా వంక చూశారు, వాడి వంక చూశారు.

"నన్నడుగుతావేంట్రా? వెళ్ళి మాస్టార్ని అడుగు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. తమ్ముడు బూట్లు మెడలో వేసుకుని ఉత్తికాళ్ళతో మాస్టారింటికి బయల్దేరాడు, వెనకాలే ఆ పిల్ల. వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా చూసి, నేను ఆయన దగ్గరికి వెళ్ళా.

"అన్నం తిందురుగాని రండి," అన్నా.