మిగిలిన గింజ

చక్కెర గోదాములో జీవరాజు బస్తాలు పేర్చి లాటు కడితే నేలమీద ఒక్క బస్తా మిగిలేది కాదు. మిగిల్చినవాడిని తోటి హమాలీలు నెలంతా ఏడిపించేవాళ్లు. జీవరాజును ఏడిపించే అదృష్టం ఎవడికీ దక్కలేదు. బోధన్‌లో అతను సంపాదించింది ఆ పేరొక్కటే.

మిల్లు మూతపడింది. ఊపిరి చెడి మంచాన పడ్డాడు. పడ్డవాడు ఊరుకుంటేనా? పక్కింటి అంజవ్వ ఇచ్చిన చింతగింజలు నేలమీద పోయించుకుని, మంచం మీంచి వంగి వరుసలు పేర్చడం మొదలుపెట్టాడు. మొత్తం వెయ్యిన్నీ తొమ్మిది. ఏడు వరుసలు పేరిస్తే ఒకటి మిగిలింది. పదకొండు పేరిస్తే ఎనిమిది.

“ఎల్లీ, ఊడ్సేటప్పుడు నువ్వే పోగొట్టినవ్!” అని పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు.

“నీ గింజలు నాకెందుకయ్యా, కూరొండుకుంటనా?” అంది ఎల్లవ్వ.

నిజామాబాద్‌లో డిగ్రీ చదివే మనవరాలు ఆశా ఆదివారం చర్చి నుంచి ఇటే వచ్చింది. గింజల్ని చూసి, “తాతా, ఇది ప్రధాన సంఖ్య. ఒక్క వరుసల పెడితే తప్ప సమంగ రాదు. ముప్పై ఒక్క వరుసల దాంక సూస్తే సాలు,” అంది.

“అటెన్క?”

“ముప్పై రెండు ముప్పై రెండ్లంటేనే గింజల్ని దాటిపాయె. ఇంకా వరుసలు పెంచితే ఒక్కో దాంట్ల గింజలు తగ్గుతయి.”

“అంటే సూసిన లాటునే అడ్డం తిప్పుడు.” ముసలాడికి ఇట్టే అందింది. “గిసొంటియి ఇంకా పెద్దయి ఉంటయా?”

“ఎంత దూరం పోయినా ఇంకోటి ఉంటది తాతా. ఒడిసేదే లేదు. పోనీ, ఒకటి తీసెయ్యి, సక్కగ వస్తది.”

“లారీల వచ్చిన బస్తాను దాస్తరా? దొంగలు సేసే పని గది!”

పిల్ల మాట నమ్మాడు. అయినా తన చేత్తో చూసుకోవాలన్నాడు. రోజూ ఒక్కో వరుస పెంచుతూ పోయాడు. గంజి తాగడం మానేశాడు. చావబోయే మనిషి ఒక్కసారైనా నవ్వి పోతే చాలనుకుంది ఎల్లవ్వ. ఒకరోజు మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే ఒక గింజ తీసి కొంగున ముడేసింది.

లేచి ఇరవై ఎనిమిది వరుసలు పేర్చాడు. నాలుగు మూలలూ కుదిరాయి. నేలమీద ఒక్కటి మిగల్లేదు. జీవరాజు ముఖం వెలిగింది. ఆ వెంటనే నల్లబడింది. రానే రాదని తెలిసిన లాటు వచ్చిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు.

“ఎల్లవ్వా, తియ్యి.” నలభై ఏళ్లలో ఎల్లీ అనకపోవడం అదే మొదలు.

“నా దగ్గరేమున్నదయ్యా?” అందామె. ఒప్పుకుంటే తలవంపులు.

జీవరాజు గోడవైపు తిరిగాడు. మళ్లీ ఇటు తిరగలేదు. మర్నాటికి పోయాడు.

శవాన్ని దించడానికి జాగా కావాలని అంజవ్వ చీపురు తెచ్చి వరుసలన్నీ కుప్పగా ఊడ్చింది. ఎల్లవ్వ కొంగుముడి పంటితో విప్పి, ఆ గింజను కుప్పలో పడేసింది.

“గిప్పుడు లెక్కవెట్టుకో అయ్యా,” అంది.